జీతగాని బాకీ, పౌలు పూచీ

పౌలు పత్రికల్లో ఫిలేమోనుకు రాసిందే అన్నిటికన్నా చిన్నది. ఒక్క అధ్యాయం, 25 వచనాలు. రోమా పత్రిక మీద నెలల తరబడి నడిచే బైబిలు స్టడీలు దీన్ని ఒక్క సాయంత్రంలో దాటేస్తాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మాత్రం ఇది అంత సులువుగా తెమిలే ఉత్తరం కాదు.

ఫిలేమోను యజమాని. అతని దాసుడు ఒనేసిము ఇల్లు విడిచి (పారిపోయాడనే ఎక్కువమంది అంటారు) చెరలో ఉన్న పౌలును చేరాడు. పౌలు ఈ ఉత్తరం రాసి అతణ్ణి మళ్లీ యజమాని దగ్గరికే పంపాడు. గ్రీకులో ఒనేసిము అంటే ప్రయోజకుడు. నిన్నటి అప్రయోజకుడు నేడు ఇద్దరికీ ప్రయోజకుడయ్యాడని 11వ వచనంలో పౌలు చమత్కరిస్తాడు. పేరును పేరుగానే ఉంచిన తెలుగు బైబిల్లో ఆ చమత్కారం కనపడదు, చెప్పేవాళ్లు విప్పాల్సిందే.

అతణ్ణి సోదరుడిగా చేర్చుకోమనే 16వ వచనాన్ని అందరూ ఎత్తుకుంటారు. నన్ను ఆపేది 18, 19. ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన ఖాతాలో రాసుకోమంటాడు పౌలు. తానే తీరుస్తానని స్వదస్తూరీతో పూచీ పడతాడు. అచ్చం ప్రోనోటు. 1551లో రాబర్ట్ ఎస్టియెన్ వచనాలకు అంకెలు వేసినప్పుడు ఖాతా ఒక వచనంలో, దస్తూరీ ఇంకో వచనంలో పడ్డాయి.

ఇక్కడి జీతగాళ్లకు ప్రోనోటు కొత్త కాదు. పెళ్లికో చావుకో దొర దగ్గర తెచ్చిన అప్పుకు మనిషే తాకట్టు. నిజాం రాజ్యంలో దాన్ని భాగేలా అనేవారు. తండ్రి బాకీ కొడుకు మెడకు చుట్టుకునేది. వెస్లియన్ మిషనరీల బోధ ఎక్కువగా అందుకున్న మాల, మాదిగ వాడలవీ ఇవే బతుకులు. వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1976లో కేంద్రం చట్టం తెచ్చాక కూడా, 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది దొరల మీద కదలాల్సి వచ్చింది. సీఎస్ఐ కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడిందీ ఆ ఏడాదే.

1833లో అమెరికాలోని జార్జియాలో చార్లెస్ జోన్స్ అనే పాదిరి, బానిసలు పారిపోకూడదని ఈ పత్రిక మీదే ప్రసంగించాడు. విన్నవాళ్లలో సగం మంది లేచి వెళ్లిపోయారు. అలాంటి పత్రిక బైబిల్లోనే లేదని కొందరు తేల్చారు! వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. విడిచిపెట్టు అన్న మాట పౌలు ఎక్కడా నేరుగా రాయలేదు. అడిగినదానికన్నా ఎక్కువే చేస్తావని నమ్ముతున్నానంటాడు, అంతే.

ఆ వెంటనే 22వ వచనంలో, నాకు బస సిద్ధం చేసి ఉంచు, వస్తానంటాడు.