అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వును జిల్లా జడ్జి ఎలా ఆపగలరు?

డొనాల్డ్ ట్రంప్ 2025 జనవరి 20న రెండోసారి అధ్యక్ష బాధ్యతలు చేపట్టిన రోజే జన్మతః పౌరసత్వాన్ని పరిమితం చేసే ఉత్తర్వుపై సంతకం చేశారు. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే, అమెరికాలో పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదన్నది అందులో ఒక నిబంధన. హెచ్-1బీ వీసాపై ఉన్న తెలుగు కుటుంబాలూ దీని పరిధిలోకి వస్తాయి. మూడు రోజులకే సియాటెల్‌లోని ఫెడరల్ జిల్లా జడ్జి ఒకరు దాన్ని దేశమంతటా తాత్కాలికంగా నిలిపివేశారు. ఆ అధికారం ఆయనకు ఎక్కడిది?

రెండు వ్యవస్థలు

భారత్‌లో కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు వరకు ఉన్నది ఒకే నిచ్చెన. కేంద్ర చట్టమైనా, రాష్ట్ర చట్టమైనా అవే కోర్టులు విచారిస్తాయి. అమెరికాలో అలా కాదు. ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టులున్నాయి. దొంగతనాలు, విడాకులు, ఆస్తి తగాదాలు సహా అత్యధిక కేసులు వాటికే వెళ్తాయి. రాష్ట్ర చట్టానికి అర్థం చెప్పడంలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానిదే తుదిమాట.

రాజ్యాంగం, కాంగ్రెస్ చేసిన చట్టాలు, ఫెడరల్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న వివాదాలు ఫెడరల్ కోర్టులకు వస్తాయి. వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య 75,000 డాలర్లకు మించిన దావాలను కూడా అవి విచారించవచ్చు.

మూడు అంచెలు

మొదటి అంచెలో 94 జిల్లా కోర్టులున్నాయి. సాక్షుల విచారణ, జ్యూరీ తీర్పులు ఇక్కడే. పేరు జిల్లా కోర్టే అయినా, రాజ్యాంగ విరుద్ధమనిపించిన చట్టాన్ని లేదా ఉత్తర్వును ఆపే అధికారం దీనికి ఉంది. ఆ విషయంలో దీన్ని మన హైకోర్టుతో పోల్చవచ్చు.

రెండో అంచెలో 13 అప్పీలు కోర్టులున్నాయి. ఇక్కడ కొత్త సాక్ష్యాలు ఉండవు. సాధారణంగా ముగ్గురు జడ్జీల ధర్మాసనం కింది కోర్టు చట్టాన్ని సరిగా అన్వయించిందా లేదా అన్నది చూస్తుంది.

పైన సుప్రీంకోర్టు. 1869 నుంచి తొమ్మిది మంది న్యాయమూర్తులే. మన సుప్రీంకోర్టులా ఇద్దరు, ముగ్గురు సభ్యుల బెంచీలుగా విడిపోరు. అందరూ కలిసి కూర్చుంటారు. ఏటా వేలాది పిటిషన్లు వచ్చినా, పూర్తిస్థాయి వాదనలు వినేది కొన్ని పదుల కేసుల్లోనే. నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకుంటేనే కేసు విచారణకు వస్తుంది.

జీవితకాల పదవి

ఈ మూడు అంచెల జడ్జీలనూ అధ్యక్షుడు నామినేట్ చేస్తారు, సెనేట్ ఆమోదిస్తుంది. కొలీజియం లేదు, పదవీ విరమణ వయసూ లేదు. అభిశంసన ద్వారా తప్ప తొలగించలేరు. నియమించిన అధ్యక్షుడికి వ్యతిరేకంగా తీర్పిచ్చినా వారి ఉద్యోగానికి ఢోకా ఉండదు.

ఇమ్మిగ్రేషన్ కోర్టులకు ఈ రక్షణ లేదు. దేశ బహిష్కరణ కేసులు విచారించే ఆ జడ్జీలు న్యాయశాఖ ఉద్యోగులు, అంటే ప్రభుత్వంలో భాగం. అక్కడ ఓడినవారు ఆ శాఖలోనే ఉన్న అప్పీలు బోర్డును ఆశ్రయించాలి. ఆ తర్వాతే సాధారణంగా ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లే అవకాశం ఉంటుంది.

స్టేకు హద్దు

ఒక్క జడ్జి దేశమంతటా ఉత్తర్వును ఆపడం సరికాదని ప్రభుత్వం వాదించింది. 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ వాదనను చాలావరకు అంగీకరించింది. కేసు వేసినవారికి పూర్తి ఊరట ఇవ్వడానికి అవసరమైనంత మేరకే స్టే ఉండాలని చెప్పింది. ఉత్తర్వు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ఆ తీర్పులో తేల్చలేదు.

అయితే ఒకే రకమైన బాధితులందరి తరఫున ఉమ్మడి దావా వేసే దారిని మూయలేదు. జులై 10న న్యూహ్యాంప్‌షైర్‌లోని జిల్లా జడ్జి ఆ దారిలోనే, ఉత్తర్వు వల్ల పౌరసత్వం కోల్పోయే శిశువులందరినీ ఒక వర్గంగా పరిగణించి మళ్లీ స్టే ఇచ్చారు.

అందుకే ‘అమెరికా కోర్టు స్టే’ అన్న వార్త కనిపిస్తే రెండు విషయాలు చూడాలి: అది ఏ అంచె కోర్టు, ఆ ఊరట ఎవరికి వర్తిస్తుంది. వీసాపై ఉన్న కుటుంబానికి అసలు కబురు రెండో జవాబులోనే ఉంటుంది.