అర్జునుడి వేషం, సాయిబు పాత్ర

మా గల్లీ మొత్తానికి టీవీ ఒక్క టీచరమ్మ ఇంట్లోనే ఉండేది. 1987లో రామాయణం, 1988 అక్టోబరు నుంచి మహాభారతం. ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టేసరికి మా అమ్మీలు, ఖాలాలు వంటలు సగంలో ఆపి వచ్చేవాళ్లు. బురఖాలు తీసి ఒళ్లో పెట్టుకుని గోడవారన కూర్చునేవాళ్లు. పిల్లలం టీవీకి ముక్కులు ఆనించేవాళ్లం.

ఎపిసోడ్ అయ్యాక అసలు పంచాయితీ మొదలయ్యేది. ఎవరికి ఏ వేషం కుదిరింది, ఎవరికి కుదరలేదు? భీష్ముడంటే ముకేష్ ఖన్నాయే అని అందరూ ఒప్పుకున్నారు. శకునిగా గూఫీ పేంటల్‌ని తిట్టనివాళ్లు లేరు. అంతగా తిట్టించుకున్నాడంటే బాగా చేసినట్టే. కృష్ణుడి దగ్గర మాత్రం మా నానీ మొండికేసేది. నితీష్ భరద్వాజ్ ఎంత చల్లగా నవ్వినా ఆమెకి ఆనలేదు. మాయాబజార్ చూసిన కళ్లకి కృష్ణుడంటే రామారావే. ఐదు పూటలా నమాజు చేసే ముసలామె కృష్ణుడి వేషం గురించి అంత పట్టుదలగా వాదిస్తుంటే ఆ ఇంట్లో ఎవరికీ వింత అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎవరికీ వింత అనిపించకపోవడమే వింతగా ఉంది.

ఆ సీరియల్‌కి మాటలు రాసింది రాహీ మాసూం రజా అని మామూ చెప్పాడు. ఘాజీపూర్ మనిషి. కాలాన్నే కథకుడిగా నిలబెట్టి, 'మై సమయ్ హూ' అనిపించిన మనిషి. ముసల్మాను మహాభారతం రాయడమేంటని అభ్యంతరాలు వచ్చినా రాశాడు. 1992 మార్చిలో పోయాడు. ఆ ఏడాది డిసెంబరు చూడకుండానే పోయాడు.

అర్జునుడి వేషం వేసింది ఫిరోజ్ ఖాన్. తర్వాత తెరమీద 'అర్జున్' అన్న పేరే పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిశాక మాకు గర్వంగానూ ఉంది, ఎక్కడో గుచ్చుకుంటూనూ ఉంది. వేషం మనిషికి అంత బాగా కుదిరిందని సంతోషించాలా? పుట్టినప్పుడు పెట్టిన పేరు పక్కకి జరిగిందని బాధపడాలా?

ఆ రెండు మూడేళ్ల దూరదర్శన్‌ని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మన హైదరాబాదీ శ్యామ్ బెనెగల్ 'భారత్ ఏక్ ఖోజ్'లో శివాజీగా నసీరుద్దీన్ షాని నిలబెట్టాడు. ఔరంగజేబుగా ఓం పురిని పెట్టాడు. దాన్ని మించిన జవాబు ఏ ఉపన్యాసంలోనూ లేదు. 1990లో టిప్పు సుల్తాన్ సీరియల్ వచ్చింది. రామాయణంలో సీతగా మొక్కులందుకున్న దీపికా చిఖ్లియా ఇందులో టిప్పు తల్లి ఫాతిమా. మా ఖాలా ఆమెని చూడగానే "అరే, సీతమ్మా!" అంది. రెండు తెరలకీ తల్లి ఒకతే అయినందుకు మా గల్లీలో ఎవరి మతమూ పోలేదు.

ఆ సీరియల్ తీస్తుండగా 1989లో మైసూరు స్టూడియో తగలబడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మంటల నుంచి బతికి బయటపడ్డ సంజయ్ ఖానే టిప్పు వేషం కట్టాడు. సీరియల్ వద్దని కోర్టుకెక్కారు. చివరికి ఇది కల్పిత కథ అని ప్రతివారం తెరమీద చెప్పుకున్నాకే బొమ్మ మొదలయ్యేది. భగవాన్ గిద్వానీ నవల ఆధారం కనక కల్పన అనడంలో తప్పు లేదు. కానీ 1799లో శ్రీరంగపట్నంలో కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగినవాడు కల్పన కాదు కదా! పిల్లలకి ఆ తేడా ఎవరు చెప్పారు?

ఇంకో లెక్క కూడా తేలాలి. ఆ తెరమీద మేం ఎవరం? సుల్తానులం, షాయర్లం. 'మీర్జా గాలిబ్'లో నసీరుద్దీన్ షా ఉర్దూ వింటుంటే చెవుల్లో అత్తరు పోసినట్టుండేది. కానీ అది ఢిల్లీ ఉర్దూ. 'నక్కో', 'హౌ' అనే మా దక్కనీ కాదు. మా ఇళ్లలో ఆదాబ్ అంటూ నడుం వంచేవాళ్లు లేరు. సైకిల్ పంక్చర్లు వేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, మిషను కుట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల వేషం ఎవరికీ ఇవ్వలేదు. తెలుగు తెరమీద ఇచ్చినప్పుడు లుంగీ, టోపీ తగిలించి 'నీకీ, నాకీ' అని నవ్వించారు. తెలుగులో డిగ్రీలు చేసిన మేం నోరు విప్పితే ఇప్పటికీ "సాయిబూ, నీ తెలుగు బాగుందే" అంటారు. ఆ మెచ్చుకోలు ఏ తెర నేర్పిందో మాకు తెలుసు.

మాకు నచ్చిన పాత్రలు రెండే. 1986లో వచ్చిన 'నుక్కడ్'లో హోటలు నడిపే ఖాదర్ భాయ్ ఒకటి. దాన్ని వేసింది అవతార్ గిల్. ఆ ఖాదర్ భాయ్ కవ్వాలీ పాడడు, కత్తి తిప్పడు, చాయ్ పోస్తాడు. రెండోది 1988 'తమస్'లో రాజో. ఇంట్లో మగవాళ్లు దోపిడీకి పోతే, ప్రాణభయంతో తలుపు తట్టిన సిక్కు ముసలి దంపతులకి చోటిచ్చిన ముస్లిం ఆడమనిషి. సురేఖా సిక్రీ ఆ వేషానికి జాతీయ అవార్డు తెచ్చుకుంది. రాజో మంచిది మాత్రమే కాదు, భయపడుతుంది, తటపటాయిస్తుంది. అందుకే ఆమె మా ఖాలాలా ఉంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ఆ పాత సీరియళ్లు మళ్లీ వేసింది. మా పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూశాం. ఫిరోజ్ ఖాన్ గాండీవం ఎక్కుపెట్టాడు, రజా రాసిన కాలం మాట్లాడింది. రిమోటు నొక్కితే పక్క చానళ్లలో కరోనాకి మా మతం అంటగట్టి అరుస్తున్నారు. వీధుల్లో కూరలమ్మేవాడి పేరడిగి బేరం చేస్తున్నారు. తబ్లీగీలకొచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అంది. అరిచిన గొంతులు ఆ మాటని అంత గట్టిగా అరవలేదు.

మాకు సుల్తాను కిరీటం అక్కర్లేదు. గాండీవం మా వాడి చేతికి ఎప్పుడో ఇచ్చారు, సంతోషం. ఇప్పుడు ఆ కూరలబండి వాడి వేషం ఎవరికైనా ఇవ్వండి. ఏ మతంవాడు వేసినా మాకు పేచీ లేదు. వాడి పేరు వాడికి ఉంచండి, వాడి తెలుగు వాడిని మాట్లాడనివ్వండి. వేషం కుదిరిందో లేదో మా గల్లీ ఆడవాళ్లు చెప్తారు.