కాణి నేల తడిసిన కథ

వినాయకుడి గుడి ఉన్న కాణిపాకం పేరులో దేవుడి కంటే ముందు పొలం ఉంది. కాణి అంటే ఒక నేల కొలత, తమిళ సీమ లెక్కలో సుమారు 1.32 ఎకరాలు. పారకం అంటే నీటి పారుదల.

స్థలపురాణంలో ముగ్గురు అన్నదమ్ములు: ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. ఎండిన బావి తవ్వుతుంటే పార రాతికి ఖంగున తగిలింది. ఆ రాయి స్వామి విగ్రహమే; దాని నెత్తుటితో బావినీళ్లు ఎర్రబడ్డాయి. ముగ్గురి లోపాలూ పోయాయి. ఊరివాళ్లు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి మేర పారాయట. కాణిపారకమే కాణిపాకమైంది. అంత పెద్ద అద్భుతాన్నీ రైతు తన పొలం కొలతతోనే కొలిచాడు. నాకు ఈ పేరులో ఎంతో ఇష్టమైనది అదే.

వంశహక్కుగా వచ్చే భూమిని చెప్పే ‘కాణాచి’ కూడా ఈ కాణి చుట్టమే. స్వామి ఇప్పటికీ ఆ అన్నదమ్ములు తవ్విన బావిలోనే, నీళ్ల మధ్య.