బయాస్: బట్టలో, బుద్ధిలో



‘ఆయనకు బయాస్ ఉందండీ’ అనే మాట ఇప్పుడు మన సోలాపూర్ సాలెపేటల్లోనూ వినిపిస్తోంది. పెద్దమనిషి తీర్పు నచ్చకపోయినా అదే మాట, మాస్టారు మార్కులు తగ్గించినా అదే మాట. అయితే ఈ ఇంగ్లీషు మాట మనసు దాకా రాకముందు బట్టలో ఉంది, ఆటలో ఉంది.

16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దీని అర్థం ఏటవాలు అని మాత్రమే. పడుగు, పేక గురించి మీకు నేను చెప్పడమేమిటి గానీ, ఒక చేతిగుడ్డ తీసుకుని చూడండి. పడుగు వెంట లాగితే సాగదు. పేక వెంట లాగినా పెద్దగా సాగదు. మూల నుంచి మూలకు లాగండి, సాగుతుంది. ఆ మూలదారి పేరే బయాస్. రవిక మెడకు మన టైలర్లు వేసే క్రాస్ పట్టీ అలా కోసిందే. నేసేవాడు పడుగునూ పేకనూ మాత్రమే వేస్తాడు; ఈ మూడో దారిని ఎవరూ నేయరు, అయినా ప్రతి బట్టలోనూ ఉంటుంది.

ఇక ఆట సంగతి. ఇంగ్లండులో పచ్చికమీద బంతులు దొర్లించే బౌల్స్ అనే ఆట ఉంది. ఆ బంతి ఒక పక్కకు లాగేలా చేసి ఉంటుంది. మీరు తిన్నగా వదిలినా పోనుపోను వంకర తిరుగుతుంది. ఆ లాగుడునూ బయాస్ అన్నారు. ఆ శతాబ్దం ముగియకముందే మాట మనసుకు పాకింది. షేక్స్పియర్ ‘కింగ్ జాన్’ నాటకంలో స్వలాభాన్ని లోకాన్నే పక్కకు తిప్పే బయాస్‌గా చూపాడు.

మనం దీన్ని ‘పక్షపాతం’ అనేస్తాం. నాకు ఆ అనువాదం పూర్తిగా నచ్చదు. పక్షపాతం అనగానే తెలిసి చేసిన అన్యాయమని వినిపిస్తుంది. బంతికి ఏం తెలుసు? 1974లో ట్వెర్స్కీ, కానెమన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు రాసిన ప్రసిద్ధ వ్యాసం కూడా ఇదే చెప్పింది: దురుద్దేశం ఏమీ లేకున్నా మన అంచనాలు ఒకే వైపు తప్పుతుంటాయని. త్రాసు నుంచి వచ్చిన మన ‘మొగ్గు’ ఇందుకు దగ్గరి మాట.

ఇంగ్లీషులో బెంట్, ఇంక్లినేషన్ అనే మాటలు వేరే ఉన్నాయి. అవి ఇష్టం ఎటు పోతోందో చెప్పేవి. ఆప్టిట్యూడ్ ఇంకొకటి, అది చేయగల శక్తి. వీటిని కలిపేస్తే నష్టపోయేది మన పిల్లలే. సోలాపూర్‌లో మొదటి పెద్ద బట్టలమిల్లు 1877లో పెట్టారు. మగ్గాన్నీ మిల్లునూ నమ్ముకుని తెలంగాణ నుంచి పద్మశాలి కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీల పని మీద బతికారు. ‘ఈ పేట పిల్లలకు చదువు మీద మనసుండదు’ అనే మాట నేను స్టాఫ్‌రూముల్లో ఎన్నిసార్లు విన్నానో! పొద్దున్నే తల్లితో కూర్చుని బీడీలు చుట్టి బడికి వచ్చే పిల్ల హోంవర్కు చేయలేదంటే అది ఆ పిల్ల ఇంక్లినేషనా, చెప్పే మాస్టారి బయాసా?

మరాఠీలో ‘కల్’ అంటే నేల వాలు, మనసు వాలు కూడా. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం పదో తరగతి పిల్లలకు ‘కల్ చాచణీ’ మొదలుపెట్టింది. పిల్లల మనసు ఎటు ఉందో అడిగి చూసే పరీక్ష. తెలుగు ఇంట్లో ఆ మాట ‘కల’లా వినపడుతుంది. నాకైతే ఆ పొరపాటే బాగుంది. వాలు చూసి నీళ్లు ఎటు పోతాయో చెప్పవచ్చు గానీ, పిల్లలను కల ఏమిటని అడిగితే వాళ్లే నోరు విప్పి చెప్పాలి.

వాడుకలో ఒక చిన్న సవరణ. ‘అతను బయాస్’ అనకండి. మనిషిని అనేటప్పుడు ‘బయాస్డ్’. ఉన్న గుణాన్ని అనేటప్పుడే ‘బయాస్’.