పెట్టెలో ప్రాసెసర్, ట్రేలో ప్రాసెసర్

1998 ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్, చిప్‌లను నిర్ణీత వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకర్లకు వరమైంది. బస్ వేగానికి చిప్ ఎన్ని రెట్ల వేగంతో నడవాలో నిర్ణయించే మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ చేసి ఉన్నా, బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే చాలు, ఎన్నో చిప్‌లు 450 మెగాహెర్ట్జ్ అందుకునేవి. ఫ్యాను, మూడేళ్ల వారంటీతో వచ్చే రిటైల్ పెట్టె కొనాలా, ట్రేలో విడిగా వచ్చే ఓఈఎం చిప్ కొనాలా అన్నది కొనేవాళ్ల ముందున్న ప్రశ్న.

రిటైల్ చిప్‌లే మేలైనవని కొందరి వాదన. కానీ రెండింటిలోనూ ఉన్నది ఒకే సిలికాన్; ఎంత వేగాన్ని తట్టుకుంటుందో తేల్చేది ఆ చిప్ తయారైన తీరే తప్ప అట్టపెట్టె కాదు. ఓవర్‌క్లాక్ చేస్తే వారంటీ ఎలాగూ చెల్లదు కదా అన్న అభ్యంతరమూ న్యాయమైనదే. అయినా తక్కువ వేగం చిప్‌లపై పెద్ద అంకెలు ముద్రించి అమ్మే మోసాలు సాగిన ఆ రోజుల్లో, సీలు విప్పని పెట్టె అసలు సరుకుకు హామీ. పెట్టెకు ఇచ్చే అదనపు ధర వేగం కోసమైతే దండగే. ఆ భరోసా కోసమైతే సబబే.