సాము గరిడీలు

జూడో, కరాటే అనే జపాను మాటలు నేడు నల్లగొండ, మహబూబ్‌నగరు పట్టణాలలోని బడిపిల్లలకు సైతం పరిచితములే. తెల్లని దుస్తులు, రంగురంగుల నడికట్లు, క్రమము తప్పని పాఠాలు వారు ఎరిగినవే. కాని ఆ పిల్లలనే గరిడీ అంటే ఏమిటని అడిగితే సమాధానం చెప్పగలవారు అరుదు. తమ తాతలు ఏ కర్ర తిప్పారో, ఏ మట్టిలో కుస్తీ పట్టారో వారికి చెప్పినవారు లేరు. యుద్ధవిద్యలు రెండు దేశాలలోను పుట్టినవి, రెండు దేశాలలోను పెరిగినవి. ఒక దేశపు విద్యలు ఖండాంతరాలకు వ్యాపించినవి. మన విద్యలు చాలావరకు ఊరి పొలిమేరలోనే నిలిచిపోయినవి. ఈ భేదానికి కారణం తెలియాలంటే, ముందు మన విద్యల చరిత్రను కొంత పరిశీలించవలసి ఉన్నది.

'సాము' అన్న తెలుగు మాట సంస్కృతంలోని 'శ్రమ' శబ్దానికి వికృతి అని నిఘంటుకారులు చెబుతారు. శరీరాన్ని శ్రమపెట్టి సాధించేది కనుక అది సాము. దానిని నేర్పే చోటు గరిడీ. ఈ మాటకు చక్కని సాక్ష్యం ఈ సీమను ఏలిన ఒక రాజు గ్రంథంలోనే దొరుకుతున్నది. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సుమారు 1129లో 'మానసోల్లాసము' అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. ఆ కాలంలో నల్లగొండ, పాలమూరు సీమలలో చాలా భాగం చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆలేరు సమీపంలోని కొలనుపాక వారి ముఖ్య పట్టణాలలో ఒకటి. రాజు కాలక్షేపానికి తగిన వినోదాలను వర్ణిస్తూ సోమేశ్వరుడు మల్లవినోదాన్ని విపులంగా చెప్పాడు. మల్లులను వయస్సును బట్టి, బలాన్ని బట్టి తరగతులుగా విభజించాడు. వారి ఆహారాన్ని, దినచర్యను పేర్కొన్నాడు. వారి వ్యాయామాలకు అతడు వాడిన మాట 'శ్రమ' అనే. బరువులతో చేసేది భారశ్రమ, నీటిలో చేసేది సలిలశ్రమ, స్తంభాన్ని పట్టుకొని చేసేది స్తంభశ్రమ. ఈ చివరిదే నేటి మల్లఖంబానికి పూర్వరూపమని పరిశోధకుల అభిప్రాయం.

చాళుక్యుల అనంతరం ఈ భూములు కాకతీయుల చేతికి వచ్చినవి. వారు నాయకులకు భూములిచ్చి, వాటి రాబడితో సైన్యాన్ని పోషింపజేశారు. ఈ ఏర్పాటులో ఆయుధవిద్యకు అన్నం పెట్టినది భూమియే. వర్ధమానపురము, అనగా నేటి నాగర్‌కర్నూలు సమీపంలోని నంది వడ్డెమాను, కేంద్రంగా ఏలిన గోన వంశంవారు ఇట్టి నాయకులలో ప్రసిద్ధులు. గోన గన్నారెడ్డి సేనాని విఠలుడు 1294లో రాయచూరు కోటను కట్టించినట్లు ఆ కోటగోడలోని పెద్ద శిల మీద శాసనం నేటికీ ఉన్నది. ఆనాటి పోరాటాలలో నేలకొరిగిన సామాన్య భటులకు శాసనాలు లేవు, వీరగల్లులు ఉన్నవి. ఈ రెండు జిల్లాల పల్లెలలో పొలంగట్ల మీద, గుడి ముంగిళ్ళలో ఒక చేత కత్తి, మరొక చేత డాలు పట్టి నిలిచిన ఆ రాతిబొమ్మలు కనిపిస్తవి. పేరు చెరిగిపోయినా, పట్టిన పట్టు, వేసిన అడుగు రాతిలో మిగిలి ఉన్నవి.

కృష్ణకు దక్షిణాన విజయనగర కాలంలో రాజులే స్వయంగా సాము చేసేవారు. సుమారు 1520లో విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రపుస్వారీ చేసేవాడని వ్రాశాడు.

బహమనీలు, కుతుబ్‌షాహీలు, తరువాత ఆసఫ్‌జాహీలు ఏలిన శతాబ్దాలలో ఈ విద్యకు కొత్త మాటలు వచ్చి చేరినవి. మల్లయుద్ధం కుస్తీ అయినది. మల్లుడు పహిల్వాన్ అయినాడు. గురువును ఉస్తాద్ అనే మాట తెలుగు నోట వస్తాదుగా మారినది. శిక్షణ అనే అర్థం గల అరబ్బీ మాట తాలీం కాగా, శిక్షణశాల తాలీంఖానా అయినది. అయితే సాము, గరిడీ అనే పాత మాటలు పోలేదు. రెండు సంప్రదాయాలు ఒకే గోదాలో కలిసిపోయినవని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. పల్లెలలో పీర్ల పండుగనాడు అలావా గుండం చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి కర్రసాము, కత్తిసాము ప్రదర్శించే ఆచారం కూడ ఈ కలయిక ఫలమే.

తాలీంఖానా అంటే పెద్ద కట్టడం కాదు. నాలుగు గోడలు, నడుమ గోదా. గోదాలోని ఎర్రమట్టిని రాళ్ళు లేకుండ జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేస్తారు. శిష్యుడు లోపలికి అడుగుపెట్టే ముందు ఆ మట్టిని తాకి నొసట అద్దుకుంటాడు. మొదట దండీలు, బస్కీలు. పిమ్మట గద తిప్పడం. ఒళ్ళు వంగిన తరువాతనే వస్తాదు పట్లు చెబుతాడు. కర్రసాములోను ఇదే క్రమం. ముందు అడుగు కుదరాలి, ఆపైన కర్ర తిరగాలి. తలను, ప్రక్కటెముకలను, మోకాళ్ళను కాచుకోవడం వచ్చిన తరువాతనే ఎదుటివాని మీద దెబ్బ వేయడం నేర్పుతారు. ముందు రక్షణ, పిదప ప్రహారము. ఈ విద్యలోని నీతి కూడ ఇదియే.

దీనికి పోషకులు ఎవరు? గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు మొదలైన పాలమూరు సంస్థానాలు తమ సొంత బలగాలను పోషించేవి. 19వ శతాబ్దిలో వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా జాతి సిద్దీలతో అశ్వికదళాన్ని సిద్ధం చేశాడు. అది తరువాత నిజాం కొలువులో చేరినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వచ్చినది ఆ ఆఫ్రికన్ అశ్వికదళం వల్లనే. సంస్థానానికి సిపాయి కావలెను, సిపాయికి వస్తాదు కావలెను. ఈ గొలుసు తెగనంతకాలం గరిడీలకు లోటు లేకపోయినది.

ఇప్పుడు జపాను వైపు దృష్టి సారిద్దాము. అక్కడ సుమో అనే కుస్తీ, కత్తివిద్య, విలువిద్య, ఆయుధం లేకుండ పోరాడే జుజుత్సు మొదలైనవి ప్రాచీనములు. సమురాయీలనే యోధవర్గం వీటిని శతాబ్దాల తరబడి కాపాడినది. 1876లో ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించగానే ఆ వర్గానికి పని పోయినది, ఆచార్యులకు జీవనం పోయినది. అనగా, మన వస్తాదులకు తరువాత వచ్చిన కష్టం వారికి ముందే వచ్చినది.

ఆ సమయంలో జిగోరో కానో అనే యువకుడు, టోక్యో విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, పాత జుజుత్సు గురువుల వద్ద విద్య నేర్చి, 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో కొద్దిమంది శిష్యులతో కొదోకాన్ అనే శాలను ప్రారంభించాడు. అతడు ప్రాణాపాయకరమైన దెబ్బలను పోటీల నుండి తొలగించాడు. పట్లకు పేర్లు పెట్టి, వర్గాలుగా కూర్చాడు. శిష్యుల ప్రావీణ్యానికి మెట్లు నిర్ణయించాడు. 'జుత్సు' అనగా నేర్పు, 'డో' అనగా మార్గము. శత్రువును పడగొట్టే నేర్పును మనిషిని తీర్చే మార్గంగా మార్చినానన్న భావంతోనే తన విద్యకు జూడో అని పేరు పెట్టాడు. కత్తివిద్య కూడ ఇట్లే వెదురుకత్తితో ఆడే కెండో అయి బడులలో ప్రవేశించినది. ఒకినావా దీవులలోని కరాటేను ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాడు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో జూడోకు స్థానం లభించినది. దీని విలువను మన దేశంలో ముందుగా గుర్తించినవారిలో రవీంద్రనాథ ఠాకూరు ఒకరు. ఆయన 1905లో సానోను, 1929లో తకగాకిని జపాను నుండి శాంతినికేతనానికి రప్పించి ఈ విద్యను నేర్పించాడు.

మన సీమలో మార్పు వేరొక తీరున వచ్చినది. 1946లో నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయిన తరువాత, దొరల దౌర్జన్యాన్ని ఎదిరించిన రైతుల చేతిలో మొదట ఉన్నవి గుతుపలు, వడిసెలలు. మంచె మీద నిలిచి పిట్టలను తోలే వడిసెల, దారిలో తోడుగా ఉండే గుతుప ఆత్మరక్షణకు ఆయుధాలైనవి. యుద్ధవిద్య కోటలలోనే కాక పొలాలలోను బ్రతికినదని ఆ కాలం నిరూపించినది. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది. 1949లో జాగీర్లు రద్దయినవి. అది ప్రజలకు మేలు చేసిన మార్పే, సందేహం లేదు. కాని సంస్థానపు సిపాయితోపాటు అతని వస్తాదు కూడ నిరాధారుడైనాడు. ఆ విద్యను బడికి చేర్చే కానో వంటి వ్యక్తి అప్పుడు మనకు లభించలేదు.

అయినా అంతయు పోలేదు. జాతరలలో నేటికీ కుస్తీలు జరుగుతున్నవి, గెలిచినవానికి వెండికడియం తొడుగుతున్నారు. రాతిగుండు ఎత్తే పోటీలకు జనం మూగుతున్నారు. పీర్ల పండుగకు కర్రలు లేస్తున్నవి. లోపించినది నేర్పు కాదు, నేర్పును నిలిపే వ్రాత. ఏ పట్టును ఏమంటారు, ఏ అడుగు తరువాత ఏ అడుగు వేయాలి అన్నది వృద్ధుల నోటనే ఉన్నది. ఒక వస్తాదు కన్నుమూస్తే ఆ పాఠం అంతటితో సమాప్తం. జపాను విద్యలు నేర్చుకొనడం మంచిదే. ఆ జపానే మనకు చెబుతున్న పాఠం మరొకటి ఉన్నది: ఆయుధంతో పని తీరినా విద్యతో పని తీరదు. మీ ఊరిలో గరిడీ తొక్కిన వృద్ధుడు ఉంటే, ఆయన చెప్పే పట్ల పేర్లను మీ ఇంటి చదువుకున్న పిల్లల చేత వ్రాయించండి. కానో తన పనిని పాత గురువుల వద్దకు పోయి అడిగి తెలుసుకొనడంతోనే ఆరంభించాడు.