పూరేడు పిట్ట: పాళెము నుండి పెరటి గూటి దాకా

ప్రియులారా, ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణంలో పూరేళ్లు రెండుసార్లు వస్తాయి. నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఒకసారి, సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో మరొకసారి. మొదటిసారి సాయంత్రం పిట్టలు, ఉదయం మన్నా. ఆకలిగొన్నవారు తిన్నారు, ప్రయాణం ముందుకు సాగింది. రెండోసారి కూడా అదే పిట్ట, అదే జనం. కాని ఆ చోటికి మిగిలిన పేరు కిబ్రోతుహత్తావా, అంటే ఆశపడినవారి సమాధులు. పిట్ట మారలేదు. దాన్ని చేతుల్లోకి తీసుకున్న తీరు మారింది. ఈ చిన్న పక్షి చరిత్ర మొత్తం చూసినా ఇదే విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందుకే ఈ వారం దాని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ మధ్య మండల కేంద్రాల్లో చికెన్ కొట్ల పక్కన జాలీ బోనుల్లో కౌజు పిట్టలని అమ్ముతున్నారు. మన బైబిల్లో చదివే పూరేడు ఇదేనా అని చాలామంది అడుగుతుంటారు. దగ్గరి చుట్టమే గాని అదే పిట్ట కాదు. మోషే కాలంలో సీనాయి మీదుగా వచ్చినది వలస పూరేడు. మనకు బోనుల్లో దొరికేది జపాన్ పూరేడు. మన పొలాల్లో వానాకాలం గడ్డి చాటున కూసే వాన పూరేడు మరో రకం. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరులో మన కోరమాండల్ తీరం పేరే ఉంది.

ముందు వలస పూరేడు సంగతి చూద్దాం. అది వంద గ్రాముల చుట్టూ తూగే పిట్ట. చలికాలం ఆఫ్రికాలో గడిపి, వసంతంలో ఉత్తరానికి వెళ్లి, శరదృతువులో తిరిగి వస్తుంది. బరువైన శరీరం, పొట్టి రెక్కలు. ఎక్కువగా రాత్రిపూట, గాలి వాటం చూసుకుని ఎగురుతుంది. దూరం ఎగిరి అలసిపోయి నేలకు దిగితే చేత్తో పట్టుకోవచ్చు. ఇప్పుడు మీ బైబిలు తెరిచి తేదీలు చూడండి. నిర్గమకాండములో జనం సీను అరణ్యానికి వచ్చింది రెండో నెల పదిహేనో దినాన. సంఖ్యాకాండములో సీనాయి విడిచి బయలుదేరింది రెండో సంవత్సరం రెండో నెల ఇరవయ్యో దినాన. రెండూ వసంతకాలమే, పూరేళ్లు ఉత్తరానికి వెళ్లే కాలమే. సముద్రం వైపు నుండి గాలి వాటిని తెచ్చిందని కూడా అక్కడే రాసి ఉంది. దేవుడు తాను చేసిన గాలిని, తాను నేర్పిన వలసను వాడుకున్నాడంటే అద్భుతం చిన్నదైపోదు.

ఐగుప్తు నుండి వచ్చిన జనానికి ఈ పిట్ట కొత్త కాదు. ఐగుప్తీయుల బొమ్మల లిపిలో ఒక అక్షరం పూరేడు పిల్ల బొమ్మే. పంట పొలాల్లో వలలు వేసి పూరేళ్లను పట్టే దృశ్యాలు వాళ్ల సమాధి గోడల మీద ఉన్నాయి. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో ఐగుప్తు గురించి రాస్తూ, అక్కడివారు పూరేళ్లను ఉప్పులో ఊరబెట్టి, వండకుండానే తింటారని చెప్పాడు. సంఖ్యాకాండములో జనం పిట్టలను పాళెము చుట్టూ పరచుకున్నారని చదువుతాం. ఎండబెట్టుకోవడానికే అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు.

ఆ పోగుచేయడం ఎంత జరిగిందో గమనించండి. పగలంతా, రాత్రంతా, మర్నాడంతా పోగుచేశారు. అందరికంటే తక్కువ కూర్చుకున్నవాడికే హెబ్రీ కొలతలో పది హోమెర్లు. ఒక హోమెరు రెండువందల లీటర్ల పైమాటే. ఒక్కొక్కడి గుడారం ముందు రెండువేల లీటర్ల పిట్టలు! అది ఆకలి తీర్చుకోవడం కాదు. రేపు దేవుడు ఇవ్వడేమోనన్న భయం, ఇచ్చినప్పుడే అంతా లాగేసుకోవాలన్న ఆత్రం. వలస పూరేళ్లు తిన్నవారిలో కొందరికి కండరాలు దెబ్బతినే విషబాధ వస్తుందని మధ్యధరా సముద్ర ప్రాంతపు వైద్యులకు పాతకాలం నుండీ తెలుసు. పిట్ట తిన్న గింజల వల్ల అని ఒక అభిప్రాయం. ఆనాటి తెగులు అదేనని నేను తీర్పు చెప్పను. వాక్యం వేలు పెట్టి చూపించేది గింజను కాదు, ఆశను.

ఆ ఆశ మోషే కాలంతో ఆగలేదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఐగుప్తు ఉత్తర తీరం పొడవునా వలలు కట్టి, లక్షల కొద్దీ పూరేళ్లను ప్రాణంతోనే ఓడల్లో యూరప్ నగరాల హోటళ్లకు పంపారు. తర్వాత ఆ రాక తగ్గిపోయింది. వేల ఏళ్లు పట్టుకుని తిన్నారు గాని పెంచాలన్న ఆలోచన అక్కడ వేళ్లూనలేదు. ఏటా ఆకాశం నుండి వచ్చి పడేదాన్ని పెంచడమెందుకు అనుకున్నారేమో!

పెంచిన చరిత్ర జపాన్‌ది. అదీ మాంసం కోసం మొదలవలేదు, కూత కోసం మొదలైంది. మగ పూరేడు కూతను అక్కడివారు శుభసూచకంగా భావించేవారు. దొరలు, యోధులు చక్కని చిన్న గూళ్లలో వాటిని పెంచి, ఏ పిట్ట బాగా కూస్తుందో పోటీలు పెట్టుకునేవారు. 1600 తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు సాగిన ఎదో కాలంలో ఈ సరదా బాగా పెరిగింది. 20వ శతాబ్దం మొదట్లో కొందరు చూపు మార్చి, కూతను వదిలి గుడ్డును చూశారు. ఎక్కువ గుడ్లు పెట్టే పిట్టలను ఏరి, వాటి పిల్లలనే మళ్లీ జతకట్టించారు. 1940 నాటికి అది పెద్ద పరిశ్రమ అయింది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. మనుషులకే గింజ లేని రోజుల్లో పిట్టకు గింజ ఎవరు వేస్తారు? బాంబులకు ఊళ్లు కాలిపోయాయి. యుద్ధం ముగిసేసరికి పెంపుడు పూరేళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వందల ఏళ్లు ఏరి పెంచిన కూత పిట్టల వంశాలు పూర్తిగా పోయాయి, మళ్లీ రాలేదు. గుడ్ల పిట్టల్లో మిగిలిన కొద్దింటితోనే 1945 తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. ఈనాడు లోకమంతటా బోనుల్లో కనిపించే జపాన్ పూరేళ్లు చాలావరకు ఆ శేషము సంతానమే. శేషము అనే మాట యెషయా చదివినవారికి కొత్త కాదు. మిగిలింది కొంచెమే, కాని దాన్ని ఎవరో కోసుకు తినకుండా కాపాడారు.

మన దేశానికి ఈ పిట్ట 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా నుండి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రంలో మన వాతావరణానికి తగినట్టు దాన్ని వృద్ధిచేసి రైతులకు అందించారు. మధ్యలో ఒక చిక్కు వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పూరేళ్లు ఉన్నాయి గనుక, 2011లో కేంద్ర పర్యావరణ శాఖ కొత్త ఫారాలకు అనుమతులు ఆపమంది. చట్టం కాపాడాలనుకున్నది పొలంలోని పిట్టను. చిక్కులో పడ్డది పెంపకందారు. 2013 చివర్లో జపాన్ పూరేడుకు మినహాయింపు ఇచ్చారు. అడవి పూరేళ్లకు మాత్రం రక్షణ నేటికీ ఉంది. ఉచ్చులు వేసి పట్టి అమ్మేవారి దగ్గర కొనడం నేరానికి చేయి కలపడమే.

ఇప్పుడు ఇంటి సంగతి. మన సంఘాల్లో కొన్ని కుటుంబాలు, ముఖ్యంగా మేకను కొనలేని తల్లులు, ఈ పిట్టలతో ఏదైనా ఆధారం దొరుకుతుందా అని చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

పిట్ట ఆరేడు వారాలకే గుడ్డుకొస్తుంది. చక్కగా చూసుకుంటే ఏడాదికి 250 గుడ్లు దాటుతుంది. ఐదారు వారాలకు మాంసానికీ వస్తుంది, బరువు 150 నుండి 200 గ్రాములు. అయితే గుడ్డు బరువు పది గ్రాములే. ఐదు గుడ్లు కలిస్తే ఒక కోడిగుడ్డు. పిట్ట రోజుకు పాతిక నుండి ముప్ఫై గ్రాముల మేత తింటుంది. పాతిక పెట్టలు, పది పుంజులు ఉంటే రోజుకు కిలో మేత ఖర్చు, ఇరవై గుడ్ల రాబడి. ఇరవై గుడ్లంటే నాలుగు కోడిగుడ్ల బరువు. పిల్లలకు రోజూ గుడ్డు పెట్టడానికి ఇది మంచిదే. లక్షలు వస్తాయని చెప్పి వడ్డీ అప్పు తెప్పించేవారి మాట మాత్రం నమ్మకండి. కొనేవాడు ఎవడో తేలకుండా వంద పిట్టలు దాటవద్దు.

పెంపకంలో అసలు కష్టం పిల్లలు చేయడం. గుడ్ల కోసం మనిషి ఏరి ఏరి పెంచేసరికి ఈ పిట్ట పొదగడం మరచిపోయింది. గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. కాబట్టి పొదిగే యంత్రమైనా ఉండాలి, పొదుగుకొచ్చిన నాటుకోడి అయినా ఉండాలి. 37.5 డిగ్రీల వేడిలో 17, 18 రోజులకు పిల్ల బయటికొస్తుంది. పుట్టిన పిల్ల ఏడెనిమిది గ్రాములు, బొటనవేలంత. మొదటి వారం 35 డిగ్రీలకు తగ్గకుండా బల్బు వెచ్చదనం కావాలి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయాలి, లేకపోతే చెంచాడు నీళ్లలోనే మునిగి చస్తాయి. నున్నటి కాగితం మీద వదిలితే కాళ్లు జారి చీలిపోతాయి, కింద గరుకు అట్ట వేయాలి. పెద్ద పిట్టలు బెదిరితే నిటారుగా ఎగిరి తల పగలగొట్టుకుంటాయి, అందుకే గూడు అడుగు ఎత్తు మించకూడదు.

మూడు వారాలకు రొమ్ము చూస్తే తెలుస్తుంది: ఎర్రమట్టి రంగైతే మగది, చుక్కలుంటే ఆడది. గుడ్లు తినడానికే అయితే మగపిట్ట అక్కర్లేదు. పిల్లలు కావాలంటే రెండు మూడు పెట్టలకు ఒక పుంజు. ఒక్క మాట మరచిపోవద్దు: అన్నాచెల్లెళ్లను జతకట్టిస్తూ పోతే ఈ పిట్ట తొందరగా చెడుతుంది. రెండు మూడు తరాల్లోనే గుడ్లు పొదగకుండా పోవడం, పిల్లలు చావడం మొదలవుతుంది. తరం తరానికీ వేరే ఊరి మందతో పుంజులను మార్చుకోవాలి. అంటే ఈ పెంపకం పొరుగువాడితో మాట లేనివాడికి సాగదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షి గూటి గురించి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పిల్లలనో గుడ్లనో తీసుకోవచ్చు గాని, తల్లిని కూడా పట్టుకోకూడదు. తినవద్దని దేవుడు అనలేదు. రేపటికి మిగల్చమన్నాడు. కిబ్రోతుహత్తావాలో జనం మరచింది ఇదే. ఐగుప్తు తీరంలో వలలు కట్టినవారు మరచింది ఇదే. యుద్ధం తర్వాత జపాన్‌లో ఆ కొద్ది పిట్టలకు గింజ వేసినవారు పాటించింది కూడా ఇదే, ఆ వాక్యం వాళ్లు చదివినా చదవకపోయినా.

కాబట్టి ప్రియులారా, పెరట్లో నాలుగు పిట్టలు పెంచుకునే అక్కచెల్లెళ్లు తమది చిన్న పని అనుకోవద్దు. ఉదయాన్నే నీళ్లు మార్చడం, బలమైన పిట్టను కూరకు కాక విత్తనానికి ఆపుకోవడం, పొరుగింటికి ఒక పుంజును ఇవ్వడం, ఇవన్నీ ఆశను అదుపులో పెట్టుకోవడం నేర్పే పాఠాలే. ఈ వారం సంఖ్యాకాండము 11వ అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదవండి. మన ఇంట్లో అవసరానికి మించి పోగుపడుతున్నది ఏమిటో, రేపటి కోసం విడిచిపెట్టవలసినది ఏమిటో మాట్లాడుకోండి. ప్రభువు మీ చేతి పనిని దీవించును గాక.